కదిలే మెట్లకు పోయే తోవ

పొద్దున ఎనిమిదింటికి బయలుదేరడం, పదింటికి దిల్‌సుఖ్‌నగర్ చేరడం, పెద్ద బట్టల దుకాణంలో కదిలే మెట్లు ఒక్కసారి ఎక్కడం, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి అన్నం తినడం. యాదలక్ష్మి వేసుకున్న పథకం ఇంతే. కొనేది లేదు, పెట్టేది లేదు. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందని మనబోటివాళ్ళం అనుకుంటాం. యాదలక్ష్మి మాత్రం అందులో చెడిపోగల సంగతులు పదిహేడు దాకా ముందే ఏరి పెట్టుకుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకు కీడెంచేసరికే తెల్లవారిపోయేది. మేలెంచడానికి టైము మిగిలేది కాదు.

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. దసరా పోయినా బడులు తెరవలేదు, బస్సులు డిపో దాటలేదు. ఆమె కూతురు మృదుల రెండో తరగతి. వనస్థలిపురంలో రెండు గదుల కిరాయి ఇంట్లో నెల రోజులుగా తిరిగిన చోటే తిరుగుతోంది. ఆ పిల్ల క్లాసులో నలభై రెండు మంది ఉంటే నలభై ఒక్కరు కదిలే మెట్లు ఎక్కేశారట. మిగిలిపోయిన ఆ ఒక్కరు ఎవరో ఇంట్లోవాళ్ళకు రోజుకు నాలుగుసార్లు గుర్తు చేస్తోంది.

"నేను తీస్కపోత తియ్యి," అంది చివరికి యాదలక్ష్మి.

"నీతోని ఒద్దు. నాన్నతోనే పోత. నువ్వు సగం తోవల నుంచే ఎనక్కి తెస్తవ్."

యాదలక్ష్మి చేతిలో చాయ్ గిన్నె అట్లాగే ఆగిపోయింది. పిల్ల అన్నది అబద్ధమైతే కసిరి ఊరుకునేది. మొన్న జింకల పార్కుకు బయలుదేరి, గేటు బయట పడుకున్న కుక్కను చూసి వెనక్కి తెచ్చింది నిజం. ఆ కుక్క నిద్ర కూడా లేవలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇదే మాట ఏడేళ్ళ వయసులో తాను తన తండ్రిని అని ఉంది.

ఆమె తండ్రి మట్టయ్య చౌటుప్పల్ దగ్గరి పల్లెలో మగ్గం నేసేవాడు. ఊళ్ళో ఆయన పేరు సగం తోవ మట్టయ్య. బిడ్డకు లోకమంతా చూపించాలని మహా సరదా. లోకమంటే మహా భయం. సాగర్ డ్యాము గేట్లు చూపిస్తానని తీసుకెళ్ళి, మాల్ అనే ఊరి దగ్గర ఒక మబ్బు ముక్క కనబడితే బస్సు దింపి వెనక్కి తెచ్చాడు. భువనగిరి గుట్ట సగం మెట్లు ఎక్కించి, పైన గాలి ఎక్కువగా ఉన్నట్టుందని దింపేశాడు. నల్లగొండకు సర్కస్ వస్తే టికెట్ల కిటికీ దాకా పోయి, లోపల సింహం అరవడం విని, "కట్టేసిర్రో లేదో," అని తిరుగుముఖం పట్టాడు. ప్రతిసారీ వెనుదిరిగిన చోట మైలురాయి మీద కూర్చోబెట్టి, వెంట తెచ్చిన సద్దిమూట విప్పి తినిపించేవాడు. తరవాత భుజాల మీద ఎక్కించుకునేవాడు. "నా కంటె ఎత్తు మీదున్నవ్ బిడ్డా, నీకు కానొస్తది. గేట్లెట్లున్నయో చెప్పు," అనేవాడు. యాదలక్ష్మి చెప్పేది. ఇరవై ఆరు గేట్లూ, నీళ్ళ నురగా, ఒడ్డున అమ్మే చేపలూ చెప్పేది. బళ్ళో నిజంగా సాగర్ చూసొచ్చిన పిల్లలు కూడా ఆమె చెప్పిందే వినేవారు.

"నీ తోడు," అంది యాదలక్ష్మి కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి. "ఇయ్యాల సగం నుంచి ఎనక్కి రాను. పిడుగు పడ్డ రాను."

ఒట్టు పెట్టాక ఏర్పాట్లు మొదలుపెట్టింది. పిల్ల రెండు చేతుల మీదా తండ్రి ఫోను నంబరు బాల్‌పెన్నుతో రాసింది, ఒకటి చెమటకు చెరిగితే ఇంకొకటి ఉంటుందని. పోలీసులు కళ్ళు మండే పొగ వదిలితే వాసన చూడ్డానికి ఒక ఉల్లిగడ్డ చెంగున కట్టుకుంది. ఎక్కడన్నా రెండు రోజులు ఇరుక్కుపోతే పిల్ల ఆకలికి తాళలేదని పులిహోర, పెరుగన్నం, సర్వపిండి, గారెలు, పల్లిపట్టీలు, ఉడకబెట్టిన గుడ్లు డజను, అన్నీ బియ్యపు సంచిలో సర్దింది. ఈ హడావుడిలో తాను చాయ్ తప్ప ఏమీ తినలేదు.

బోరు మోటార్లు చుట్టే ఆమె భర్త లింగస్వామి ఆ సంచిని ఒక చేత్తో లేపబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు. "దిల్‌సుఖ్‌నగర్ పోతున్నవా, దుబాయ్ పోతున్నవా?" అన్నాడు.

"నోటెంట మంచి మాట రాదా? పోయేటప్పుడు దుబాయంటవేంది?" అంది యాదలక్ష్మి, దుబాయిలో జరగగల కీడు ఏమిటో అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టి.

షేర్ ఆటో ఎల్బీనగర్ చౌరస్తా దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆటోవాడు ఇంజను ఆపేసి, "ముంగట ర్యాలీ ఉందంట అక్కా. ఇంగ పోదు," అన్నాడు. యాదలక్ష్మి పాదాలు వాటంతట అవే ఇంటివైపు తిరిగాయి. మృదుల నడుము మీద చేతులు పెట్టుకుని తల్లి పాదాల వైపు చూసింది. పాదాలు మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్ వైపు తిరిగాయి.

నడక మొదలైంది. అక్టోబరు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సంచి కుడి భుజం మీంచి ఎడమ భుజానికీ, ఎడమ నుంచి కుడికీ మారుతోంది. కొత్తపేట దాకా వచ్చేసరికి మృదుల రెండుసార్లు దగ్గింది. మామూలు తల్లికి అది దుమ్ము. యాదలక్ష్మికి అది న్యుమోనియా. ఎక్కడన్నా దవాఖాన ఉందా అని చుట్టూ చూస్తే, రోడ్డు పక్కన పెద్ద షామియానా, కింద పరుపులు పరిచి వరసగా కూర్చున్న మనుషులు, వాళ్ళ ముందు మెడలో గొట్టంతో ఒక డాక్టరు కనబడ్డారు. డాక్టరు పక్కన బీపీ మిషను. దాని పక్కన బరువు చూసే మిషను.

షామియానాకు జై తెలంగాణ బ్యానర్లు ఉన్నాయి. కానీ ఆ నెలలో ఆ రోడ్డు మీద పెళ్ళి పందిళ్ళకూ, పండ్ల బండ్లకూ అవే బ్యానర్లు. యాదలక్ష్మి కళ్ళకు బీపీ మిషను తప్ప మరేమీ ఆనలేదు. ఆమె గుడి ముందు నుంచైనా దండం పెట్టకుండా పోగలదేమో గానీ, బీపీ మిషను ముందు నుంచి చెయ్యి చాపకుండా పోలేదు. ఉచిత వైద్య శిబిరం! దేవుడే పెట్టించాడనుకుంది.

"కూసోవచ్చునా అన్నా?" అని అడిగింది మైకు పట్టుకుని నిలబడ్డ మనిషిని. ఆయన పేరు సీతారాములు. సర్కారు బడిలో పంతులు, ఆ టెంటుకు పెద్ద.

"కూసో చెల్లె, కూసో! నీ కోసమే చూస్తున్నం!"

ఇంత మర్యాద ఏ దవాఖానలోనూ దొరకదు. యాదలక్ష్మి పొంగిపోయి వరస చివర పరుపు మీద కూర్చుంది. డాక్టరు ప్రసన్నకుమార్ ఆమె చేతికి పట్టీ చుట్టాడు. ఆయనది గుంటూరు వైపు. టెంటు పక్క సందులోనే క్లినిక్కు. రోజూ పొద్దునా సాయంత్రమూ వచ్చి చూసి వెళుతున్నాడు.

"పొద్దున్న ఏమన్నా తిన్నారా అమ్మా?"

"లేదు సారూ. చాయే."

"మంచిది. అలాగే ఉండండి."

రక్తపరీక్షకు పరగడుపున ఉండమంటారని యాదలక్ష్మికి తెలుసు. బుద్ధిగా తలూపింది. డాక్టరు బరువు చూశాడు. యాభై ఎనిమిది కిలోలు. కాగితం మీద రాసుకున్నాడు.

"మీకు కంగారు కాస్త ఎక్కువ ఉందమ్మా."

"మా ఇంటాయిన గూడ అదే అంటడు సారూ. జర మా బిడ్డ దగ్గు సూడున్రి."

"దుమ్మండీ, ఏం లేదు," అని డాక్టరు వెళ్ళిపోయాడు. న్యుమోనియా కాదన్న సంతోషంలో యాదలక్ష్మి లేవబోతుంటే మెడలో బంతిపూల దండ పడింది. రోగులకు దండలేస్తున్నారేమిటని ఆశ్చర్యపోయేలోగా సీతారాములు మైకు అందుకున్నాడు.

"మన రిలే నిరాహార దీక్షల ఇయ్యాల ముప్పై మూడో రోజు! అంగన్‌వాడీ టీచరు నాగేశ్వరమ్మ తనకు బదులు పంపిన మన చెల్లె చంటిబిడ్డతోని కూసున్నది! పదకొండు మంది సాయంత్రం ఐదు దాక మంచినీళ్ళు తప్ప ముట్టరు! జై తెలంగాణ!"

చప్పట్లు మోగాయి. చంటిబిడ్డ అన్నందుకు ఏడేళ్ళ మృదుల ముఖం చిట్లించింది. యాదలక్ష్మి సీతారాములు చొక్కా అంచు పట్టుకుంది.

"అన్నా, అన్నా! నేను పరీక్షకొచ్చిన!"

"అవ్ చెల్లె, ఇది మనకందరికి పరీక్షనే."

"నాకెవ్వలు పంపలే. నాగేశ్వరమ్మ ఎవ్వలో నాకెరుకనే లే. నేను దిల్‌సుఖ్‌నగర్ పోవాలె!"

సీతారాములు మైకు ఆపి, వంగి, ఆమెకే వినబడేలా బతిమాలాడు. "జర ఆగు తల్లీ. పదకొండు మంది ఉంటమని పేపరుకు రాసిచ్చినం. అవతలి చౌరస్త టెంటుల పోయిన వారం ఒకాయిన నడుమల లేచిపోతే ఊరంత నవ్విర్రు. టీవీ వాళ్ళు ఒస్తున్నరు. ఐదు కొట్టంగనే నేనే పంపిస్త."

యాదలక్ష్మి సంచి అందుకుంది. పక్కనే కూర్చున్న అండాలమ్మ ఆమె చెంగు పట్టుకుంది. అండాలమ్మకు డెబ్బై ఏళ్ళుంటాయి. కొత్తపేట మార్కెట్లో నిమ్మకాయలు అమ్మేది. ఆ టెంటులో ఇది ఆమెకు తొమ్మిదో దీక్ష.

"ఏంది బిడ్డా, దండేయించుకొని సగంల లేస్తవా?"

సగం అన్న మాట వినగానే మృదుల తల్లి వైపు చూసింది. ఆ చూపు యాదలక్ష్మికి బాగా తెలుసు. టికెట్ల కిటికీ దగ్గర తన తండ్రిని తాను చూసిన చూపు. లేస్తే సగంలో లేచినట్టు. లేవకపోతే సగం తోవలో ఆగినట్టు. వెనక్కి పోనని ఒట్టేసింది గానీ, ముందుకు పోకుండా పరుపు మీద కూర్చుంటే ఆ ఒట్టు ఏమవుతుందో ఆమెకు అర్థం కాలేదు. దుకాణం రాత్రి దాకా తెరిచే ఉంటుంది, ఐదింటికి వదిలితే ఆరింటికి చేరవచ్చు అని లెక్క కట్టుకుని, ఉల్లిగడ్డ సరిగా ఉందో లేదో తడిమి చూసుకుని, కూలబడింది.

పన్నెండింటికి మృదులకు ఆకలేసింది. పిల్లకు దీక్ష లేదు కనక యాదలక్ష్మి వెనక్కి తిరిగి, బ్యానరు చాటున డబ్బా మూత తీసింది. పులిహోర తాలింపు వాసన, ఉడకబెట్టిన గుడ్ల వాసన కలిసి గాలివాటున పరుపుల మీదుగా వెళ్ళాయి. పది తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. నినాదం ఇస్తున్న లైన్‌మన్ ఒకాయన "జై" అని, మిగతా సగం మరిచిపోయాడు.

అండాలమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉండటం, చేతులు సన్నగా వణకడం యాదలక్ష్మి చూసింది. అంతే, కీడెంచడం మొదలైంది. ముసలామె పక్కకు ఒరుగుతుంది. డాక్టరు లేడు. పోలీసులొస్తారు. పక్కన ఎవరు కూర్చున్నారంటారు. సంచి నిండా అన్నం పెట్టుకుని ఒక ముద్ద పెట్టలేదా అని జడ్జి అడుగుతాడు.

"అవ్వా," అంది గుసగుసగా, "జర పెరుగన్నం తిను. కొంగు అడ్డం పెట్టుకో."

"ఛీ, దీక్షల తింటరా?" అంది అండాలమ్మ. ఒక్క నిమిషం ఆగింది. "ఆవకాయ ఉన్నదా?"

అండాలమ్మ కొంగు కింద ఏదో నడుస్తోందని రెండో మనిషి పసిగట్టాడు. ఆయనకు షుగరు ఉందట. షుగరు మాట విన్నాక యాదలక్ష్మి చెయ్యి ఆగుతుందా? రెండు గారెలు వెళ్ళాయి. మూడో ఆయనకు నిరుడు గుండె దగ్గర నొప్పి వచ్చిందట. సర్వపిండి వెళ్ళింది. నాలుగో ఆయన తనకు ఏ జబ్బూ లేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు గానీ, ఒప్పుకునేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడ్డు వెళ్ళింది. చేరవేసేది మృదుల. బ్యానరు వెనక నుంచి పాకుతూ పోయి, ఒక్కొక్కరి వీపు వెనక చెయ్యి పెట్టి, "గుడ్డా, గారెనా?" అని అడిగి తెచ్చిస్తోంది. నెల రోజుల్లో ఆ పిల్ల అంత సంతోషంగా ఉండటం యాదలక్ష్మి చూడలేదు.

ముందు నిలబడ్డ సీతారాములుకు ఇదేమీ తెలియదు. "చూడున్రి వీళ్ళ మొఖాలు!" అని మైకులో గర్జిస్తున్నాడు. "కడుపు మాడుతున్నా ఎట్ల కళకళలాడుతున్నరో చూడున్రి!" వెనక వాళ్ళు దవడలు కదలకుండా జై కొట్టడం నేర్చుకున్నారు.

మూడింటికి టీవీ వాళ్ళు వచ్చారు. మైకు పట్టుకున్న అమ్మాయి నేరుగా మృదుల దగ్గరికి వచ్చింది. పిల్ల మూతికి పసుపు అంటుకుని ఉంది. యాదలక్ష్మి చెంగు చాపి తుడవబోయింది, అందలేదు.

"పాపా, ఎందుకు కూర్చున్నారు మీరిక్కడ?"

మృదుల ఒక్క క్షణం ఆలోచించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. "మా అమ్మ సగం నుంచి ఎనక్కి పోనని నా మీద ఒట్టేసింది."

సీతారాములు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టీవీ అమ్మాయి ఆ మాటను కెమెరాకేసి తిరిగి మళ్ళీ చెప్పింది. లైన్‌మన్ పరుపు మీద నుంచి లేచి నిలబడి పిడికిలి బిగించాడు. "సగం నుంచి ఎనక్కి..." "పోం! పోం!" అన్నారు అందరూ. గుడ్డు మింగేశారు కనక ఈసారి గొంతులు ఖంగున మోగాయి. రోడ్డు మీద ఆగిన బండ్లవాళ్ళు అందుకున్నారు. అయిదు నిమిషాల్లో అది కొత్తపేటంతా నినాదమైంది.

ఫోను మోగింది. లింగస్వామి.

"యాదీ! టీవీల నువ్వేనా? మెడల దండేంది?"

"నేనేం జెయ్యలేదయ్యా, బీపీ చూపించుకుందామని కూసున్న."

"ఇల్లంత జనమే. ఓనరు కూడ ఒచ్చిండు. ఈ నెల కిరాయి నిదానంగ ఇయ్యమన్నడు. ఇంకో రెండు రోజులు కూసుంటవా?"

యాదలక్ష్మి ఫోను పెట్టేసింది.

నాలుగున్నరకు డాక్టరు ప్రసన్నకుమార్ మళ్ళీ వచ్చాడు. దీక్ష విరమణకు ముందు అందరి బరువూ చూసి మైకులో చెప్పడం ఆ టెంటు ఆనవాయితీ. ఎవరెంత తగ్గారో చెబుతుంటే జనం చప్పట్లు కొడతారు. అండాలమ్మ మిషను ఎక్కింది. డాక్టరు ముల్లు చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ ముల్లు చూశాడు. షుగరు ఆయన్ను ఎక్కించాడు. లైన్‌మన్‌ను ఎక్కించాడు. మిషను తిరగేసి కింద చూశాడు.

"సీతారాములు గారూ, ఇలా రండి," అన్నాడు చిన్నగా. "ముప్పై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నానండీ. పస్తుండి బరువు పెరిగినవాళ్ళను ఇవాళే చూస్తున్నాను. ఈయన ముప్పావు కిలో పెరిగాడు."

సీతారాములు పరుపుల వైపు చూశాడు. పరుపు మీద గుడ్డు పెంకు ఒకటి తెల్లగా నవ్వింది. టీవీ అమ్మాయి పది అడుగుల దూరంలోనే ఉంది. సీతారాములు ముఖం మీద ముప్పై మూడు రోజుల పరువు ఒక్కసారిగా ఊగిసలాడింది.

"సారూ," అంది యాదలక్ష్మి ముందుకొచ్చి, "తప్పు నాదే. వాళ్ళేమన్న అయితరని భయమై..."

"మీరు ఎక్కండమ్మా," అన్నాడు డాక్టరు.

ఎక్కింది. యాభై ఏడుకు ఇంకా కొంచెం కిందే ముల్లు ఆగింది. డాక్టరు ఖాళీ డబ్బాల సంచి వైపూ, ఆమె ఎండిన పెదవుల వైపూ చూశాడు. "మీరేం తినలేదా?"

యాదలక్ష్మికి అప్పుడు తట్టింది. తినలేదు. పొద్దుటి నుంచీ వంతులు చూడటంలో తన వంతు గుర్తే రాలేదు. దాంతోపాటే ఇంకో సంగతి తట్టింది. ఆ మైలురాళ్ళ దగ్గర తండ్రి అన్నిసార్లు మూట విప్పాడు గానీ, అందులోంచి ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోవడం తాను ఎన్నడూ చూడలేదు. భుజాల మీద ఎక్కించుకుని అన్ని మైళ్ళు నడిచింది ఖాళీ కడుపుతోనే. ఇరవై ఆరు గేట్లని ఒక్కొక్కటీ తాను చెబుతుంటే "ఊఁ, ఊఁ" అన్నది ఆ కడుపుతోనే. యాదలక్ష్మి మిషను మీదే నిలబడి ముక్కు చీదుకుంది. ముల్లు కొంచెం ఊగింది.

"మొత్తానికి దీక్ష చేసింది పొరపాటున వచ్చిన ఈవిడొక్కరేనండీ," అన్నాడు డాక్టరు. తరవాత మైకు తీసుకుని, మిషను చెడిపోయిందని, ఒక్క యాదలక్ష్మి గారి బరువు మాత్రం సరిగ్గా చూపించిందని ప్రకటించాడు. మైకు ఇచ్చేస్తూ ఆమె వైపు వంగి, "గుడ్డు ఒకటేమన్నా మిగిలిందా? క్లినిక్కులో జనం, పొద్దుటి నుంచి నేనూ ఏం తినలేదు," అన్నాడు.

నిమ్మరసం మొదటి గ్లాసు యాదలక్ష్మికే ఇచ్చారు. పరువు దక్కిన సీతారాములు చేతులు జోడించాడు. "ఏం కావాల్నో అడుగు చెల్లె. చేస్తం."

"నన్నూ బిడ్డనూ దిల్‌సుఖ్‌నగర్‌ల దింపున్రి అన్నా. అది చాలు."

"దింపుడేంది? ఊరేగింపుగ తీస్కపోతం!"

వద్దు వద్దనేలోగా డప్పులు వచ్చాయి. ముందు యాదలక్ష్మి, మెడలో దండ, భుజాన ఖాళీ సంచి. పక్కన సీతారాములు భుజాల మీద మృదుల. వెనక పదిమంది దీక్షాపరులు, వాళ్ళ వెనక యాభై మంది. చైతన్యపురి దాటేసరికి రెండు వందలయ్యారు. "సగం నుంచి ఎనక్కి పోం!" అని రోడ్డు దద్దరిల్లిపోతోంది. యాదలక్ష్మికి తొక్కిసలాట, లాఠీలు, కరెంటు తీగలు వరసగా కళ్ళ ముందు ఆడాయి. ఆశ్చర్యం, కాళ్ళు మాత్రం ఆగలేదు. రెండు వందల మంది వెనక నుంచి వస్తుంటే వెనక్కి తిరగడానికి చోటు కూడా లేదు.

మలుపు దగ్గర చూడ్డానికి ఎదురొచ్చిన జనం అడ్డమై ఆమెకు ముందు ఏమీ ఆనలేదు. మెడ సాచి కూతురి వైపు చూసి, "నా కంటె ఎత్తు మీదున్నవ్ బిడ్డా, నీకు కానొస్తది. ఏముందో చెప్పు," అంది. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

మృదుల నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "దుకాణం కానొస్తుందే! షట్టరు మూస్తున్నరే!"

మూయరా మరి? నెల రోజులుగా దిల్‌సుఖ్‌నగర్‌లో డప్పుల చప్పుడు వినబడితే షట్టరు దించడం అలవాటు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా దడదడమని షట్టర్లు పడ్డాయి. యాదలక్ష్మి పరుగున వెళ్ళి ఆ పెద్ద దుకాణం ముందు నిలబడేసరికి ఆఖరి జానెడు కూడా మూసుకుపోయింది. సీతారాములు భుజాల మీద మృదుల పెదవి వణికింది. నలభై రెండో పిల్ల నలభై రెండో పిల్లగానే మిగిలిపోయేలా ఉంది.

యాదలక్ష్మి షట్టరు మీద దబదబా బాదింది. "తియ్యున్రి! ఓ సారూ, తియ్యున్రి!"

లోపలి నుంచి మేనేజరు త్రినాథరావు గొంతు వినబడింది. "మూసేశామమ్మా! మీరు చెప్పక ముందే మూసేశాం! ఉద్యమానికి మా పూర్తి మద్దతండీ!"

"మూయమన్నదెవ్వలు? తియ్యున్రి!"

"తియ్యమంటున్నారా? ఇది కొత్త డిమాండా అండీ?"

సీతారాములు తెల్లబోయి యాదలక్ష్మిని చూశాడు. ఆమె దండం పెట్టింది. "అన్నా, నాకు బందూ తెల్వదు, దీక్షా తెల్వదు. నా బిడ్డను కదిలే మెట్లెక్కిస్తనని ఒట్టేసిన. సగంల ఎనక్కి పోనన్నది గందుకే."

రెండు వందల మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం నుంచీ గొంతులు చించుకున్నది బట్టల దుకాణం మెట్ల కోసమా? అండాలమ్మ ముందుకొచ్చింది. "అవి నిజంగ కదుల్తయా?" అని అడిగింది. "కాళ్ళు నొయ్యకుంట పైకి తీస్కపోతయా? నా ఇంటి నుంచి రెండు బస్‌స్టాపులు, ఇన్నేండ్లాయె, నేను చూడనే లే." తన చేతికర్రతో షట్టరును ఒక్కటి కొట్టింది. "తియ్యరా నాయినా! ఇల్లు కాల్చేటోళ్ళం కాదు, మెట్లెక్కేటోళ్ళం!"

షట్టరు మూరెడు లేచింది. అందరూ ఒంగి, ఒకరి వెనక ఒకరు దూరారు. త్రినాథరావు వణుకుతూనే మీట నొక్కాడు. మెట్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తూ పైకి పాకడం మొదలుపెట్టాయి. లైన్‌మన్ ముందు ఎక్కాడు. షుగరు ఆయన ఎక్కాడు. సీతారాములు మృదులను దింపి, కండువా సర్దుకుని, సభా వేదిక ఎక్కినంత గంభీరంగా ఎక్కాడు. అండాలమ్మ కర్రతో సహా ఎక్కి, పైనుంచి, "తిరుపతి కొండకు గిట్లాంటివి పెట్టరేంది?" అని అరిచింది.

కింద తల్లీ కూతురూ మిగిలారు.

"ఎక్కు బిడ్డా," అంది యాదలక్ష్మి.

మృదుల ఒక కాలు ముందుకు పెట్టి, తీసుకుంది. మెట్టు నోరు తెరిచినట్టు పైకి లేచి వెళ్ళిపోయింది. ఇంకో మెట్టు వచ్చింది. పిల్ల తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మా, భయమైతుంది. పోదాం పా. ఇంటికి పోదాం."

యాదలక్ష్మి మెట్ల వైపు చూసింది. చీర ఇరుక్కుంటుంది. చెప్పు ఇరుక్కుంటుంది. కరెంటు పోతే మెట్లు వెనక్కి తిరుగుతాయేమో. ఏరి పెట్టుకున్న పదిహేడు కీడుల్లో పదకొండు ఈ మెట్ల దగ్గరే ఉన్నాయి. పిల్ల తానుగా పోదామంటోంది. ఒట్టు తప్పిందని ఎవరూ అనరు. ఇంతకన్నా మంచి అవకాశం మట్టయ్యకు కూడా ఎన్నడూ దొరికి ఉండదు.

ఆమె కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపింది. చెప్పులు విడిచి చంకలో పెట్టుకుంది. పిల్లను ఎత్తుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, "యాదగిరి నర్సన్నా!" అని, ఎదురుగా వచ్చిన మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి దూకింది. పైన ఉన్నవాళ్ళు, కింద ఉన్నవాళ్ళు ఒక్కసారి కేక పెట్టారు. ఏమీ కాలేదు. మెట్టు ఏమీ పట్టనట్టు ఆ ఇద్దరినీ పైకి తీసుకెళ్ళింది. సగం దాకా వచ్చాక మృదుల కళ్ళు తెరిచి, కిందికి చూసి, పకపకా నవ్వింది. ఆ నవ్వు విని యాదలక్ష్మి కూడా ఒక కన్ను తెరిచింది. తరవాత రెండోది.

పైన అంతస్తులో గట్టు లాంటి చోట మెట్టు ఆమెను మెల్లగా దింపేసి తన దారిన తాను పోయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అక్కడ బల్ల వెనక నిలబడ్డ సేల్స్ అమ్మాయి అలవాటుగా చేతులు జోడించి, "రండమ్మా, రండి. ఏం చూపించమంటారు?" అంది.

యాదలక్ష్మి నోరు తెరిచింది, మూసింది. చివరిదాకా రావడం అదే మొదటిసారి కనక, వచ్చినవాళ్ళు ఏం అడుగుతారో ఆమెకు తెలియదు.